జవాబు లేకపోతే సున్నా

మా వార్డుకు బోర్డు మీద రాసిన పేరు వేరే ఉంది గానీ, ఆసుపత్రిలో అందరూ దాన్ని వెయిటింగ్ వార్డనే అంటారు. ఇక్కడికి వచ్చేవాళ్ళకు మేం చేయగలిగిన వైద్యం అప్పటికే అయిపోయి ఉంటుంది. ఇంటికి పంపేంత బాగుపడరు, అలాగని ఆసుపత్రిలో ఉంచుకోవడానికి మా పెద్ద డాక్టర్లకు కారణమూ కనిపించదు. వాళ్ళకు కావలసింది ఏళ్ళ తరబడి చూసుకునే చోటు. మా జిల్లాకంతటికీ అలాంటి చోటు ఒకటే ఉంది, సేవానిలయం. అక్కడ పడక ఖాళీ అయ్యేదాకా మా పద్నాలుగు మంచాల మీద ఎదురుచూస్తూ ఉండాలి. నేనిక్కడ హెడ్ నర్సుని. పేరు సుగుణ మేరీ. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నాకు బాగా అబ్బిన విద్య ఒక్కటే, "ఇంకో పది రోజులు" అని నవ్వు మొహంతో చెప్పడం.

ఓదెలుకూ అదే చెప్పాను. ఆయన హన్మకొండ మున్సిపాలిటీలో నీళ్ళు వదిలే మనిషి. ఏ వాడకు ఎన్నింటికి నీళ్ళు వదలాలో, ఎన్నింటికి కట్టేయాలో ముప్పై ఏళ్ళు ఆయన చేతిలో పని. ఒకరోజు పొద్దున ట్యాంకు నిచ్చెన మీద నుంచి జారి పడ్డాడు. మెడ దగ్గర వెన్ను దెబ్బతింది. కాళ్ళు పూర్తిగా పోయాయి. చేతుల్లో మాత్రం కొంచెం ప్రాణం మిగిలింది. "ఆరు నెలల లోపు సేవానిలయం చేరితే అక్కడి యంత్రాల మీద రోజూ సాధన చేయిస్తారు. చెంచా పట్టుకుని తన అన్నం తను తినేలా చేయొచ్చు. ఆరు నెలలు దాటిందంటే ఇక ఆ చేతులు అలాగే ఉండిపోతాయి," అని పెద్ద డాక్టరు తేల్చి చెప్పాడు. ఓదెలు భార్య కనకవ్వ ఆ మాటనే గట్టిగా పట్టుకుంది.

ఓదెలు మాత్రం పడ్డ నాటి నుంచి రోజులు లెక్కపెట్టేవాడు. నేను డ్యూటీకి రాగానే, "ఇయ్యాల్టికి ఇరవై నాలుగు దినాలు సిస్టర్," అనేవాడు. మెడ నుంచి భుజాల దాకా మిరపకాయ రాసినట్టు మంట. దానికి మాత్రలు పని చేయవు. అరిచే మనిషి కాదు, పళ్ళు బిగబట్టి ఊరుకునేవాడు. ఎన్నోసార్లు అడిగితే ఒకసారి, "ఏడు," అనేవాడు.

ఏడంటే పదికి ఏడు. మా దగ్గర అదొక పద్ధతి. ప్రతి డ్యూటీలోనూ నర్సు మంచం దగ్గరికి వెళ్ళి నొప్పి ఎంతని అడిగి, చార్టులో సంఖ్య వేయాలి. ఆ సంఖ్యలన్నీ జాబితా ఆఫీసు కంప్యూటర్‌కు వెళ్తాయి. ఎవరి బాధ ఎక్కువ ఉంటే వాళ్ళ పేరు పైకి జరుగుతుంది, పడక ఖాళీ కాగానే వాళ్ళు ముందు వెళ్తారు. సిఫారసులతో పడకలు ఇచ్చే పాత పద్ధతి పోయి ఇది వచ్చినప్పుడు నేను చప్పట్లు కొట్టాను. కొత్త నర్సులకు ఈ పని నేర్పింది నేనే. నిద్రపోతున్నవాళ్ళను నొప్పి ఎంతని లేపి చంపుకు తింటున్నారని ఒక సూత్రం కూడా పెట్టాను. అడగండి, అరనిమిషం చూడండి, జవాబు లేకపోతే సున్నా వేసి ముందుకు నడవండి. ఆ సూత్రం ఎంత బాగా కుదిరిందంటే మిగతా వార్డుల వాళ్ళూ తీసుకున్నారు. నాకు లోపల కాస్త గర్వంగానే ఉండేది.

అలాంటి రోజుల్లో డాక్టర్ హైమ, ఎదురుచూపు తెలియకుండా చేస్తుందంటూ, తీగలున్న ఒక టోపీ పట్టుకుని వచ్చింది. ఆమె పై అంతస్తులో మెదడు పరిశోధన చేస్తుంది. నలభై దాటని మనిషి, ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నట్టు నడుస్తుంది. వాళ్ళ నాన్న కూడా ఇలాంటి వార్డులోనే ఏడు నెలలు ఎదురుచూసి పోయాడట.

"రోగులకు పెట్టేముందు నాకు పెట్టండి డాక్టరమ్మా," అన్నాను. గుడ్డి నమ్మకం నాకు లేదు.

మధ్యాహ్నం పన్నెండింటికి నన్ను వార్డులోనే ఖాళీ మంచం మీద పడుకోబెట్టి ఆ టోపీ తొడిగింది. నెత్తి మీద చీమలు పాకినట్టు అనిపించింది. అంతలోనే పైన తిరిగే ఫ్యాను రెక్కలు మాయమై గాజు పళ్ళెంలా అయిపోయింది. మనుషులు కనిపించడం మానేశారు. ఒక తెల్ల చీర గీతలా వచ్చి గీతలా పోయింది. మాటలు లేవు, ఏదో సన్నని కీచు శబ్దం. కిటికీ ఎండ కళ్ళెదుటే నేల మీద పాకుతూ మంచం దాకా వచ్చింది. ఆ గందరగోళంలో నాకు సరిగ్గా కనిపించినవి రెండే. బల్ల మీద నీళ్ళ సీసా, స్టూలు మీద కూర్చుని కునుకు తీస్తున్న ఒక ముసలమ్మ. కదలనివే కనిపిస్తున్నాయని అర్థమయ్యేలోగా టోపీ తీసేశారు.

"ఎంతసేపైంది?" అడిగింది హైమ.

"రెండు నిమిషాలు."

గడియారం చూపించింది. ఒకటీ ఇరవై.

"మెదడు తన లోపలి గడియారాన్ని నలభై వంతులు నెమ్మది చేస్తుంది సిస్టర్, అంతే. శరీరం మామూలుగానే పని చేస్తుంది. నలభై రోజుల ఎదురుచూపు వాళ్ళకు ఒక్క రోజు. ఇంతకంటే నేను చేయగలిగింది లేదు. పడకలైతే పుట్టించలేను కదా," అంది.

నాకు ఆ క్షణంలో ఆమె కాళ్ళకు మొక్కాలనిపించింది. ఇరవై రెండేళ్ళుగా నేను నోటితో చెప్తున్న అబద్ధాన్ని ఈమె నిజం చేసి తెచ్చింది అనుకున్నాను.

ఓదెలును ఒప్పించింది నేనే. అది ముప్పై ఒకటో రోజు.

"కండ్లు మూసి తెరిసేసరికి సేవానిలయంల ఉంటవ్ ఓదెలన్నా. ఈ మంట ఇన్ని దినాలు ఎందుకు పడాలె?" అన్నాను.

ఆయన భార్య వైపు చూశాడు. "ఇది దినాం రెండు బస్సులు మారి వచ్చి, నా మొఖం జూసి ఏడుస్తది సిస్టర్. నేను సుకంగున్ననని దీనికి తెలిస్తే చాలు. పెట్టుండ్రి."

కనకవ్వ మాత్రం ఒక్కటే అడిగింది. "నేను వచ్చినట్టు ఆయనకు తెలుస్తదా?"

"కదలకుంట కూసుంటే కనవడ్తవ్," అన్నాను. నాకు కనిపించిన ముసలమ్మ గుర్తుండి అన్న మాట అది. ఆ మాట ఎంత దూరం పోతుందో అప్పుడు తెలియలేదు.

వారంలో పద్నాలుగు మందికీ టోపీలు వచ్చాయి. వార్డు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. గంటలు మోగలేదు, మూలుగుల్లేవు, ఎప్పుడు పంపుతారని నా కొంగు పట్టుకునేవాళ్ళు లేరు. గొట్టంతో తిండి, రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, తుడవడం, అంతే పని. డ్యూటీ మారినప్పుడల్లా మంచాల మధ్య నడుస్తూ అడిగేవాళ్ళం. "నొప్పి ఎంత ఓదెలన్నా?" అరనిమిషం చూసేవాళ్ళం. ముఖం ప్రశాంతంగా ఉండేది. సున్నా. పై అధికారులు వచ్చి ఫొటోలు తీసుకున్నారు. ఒకాయన నా చార్టు చేతిలోకి తీసుకుని, ఇన్ని సున్నాలు ఏ ఆసుపత్రిలోనూ చూడలేదని మెచ్చుకున్నాడు. నేను సిగ్గుపడ్డాను కూడా, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు.

మా వార్డులో కొత్త ఆచారం ఒకటి పుట్టింది. పదకొండింటికి చూడవచ్చేవాళ్ళను లోపలికి వదిలితే, అందరూ వచ్చి తమ మనిషి కళ్ళెదుట స్టూలు వేసుకుని కదలకుండా కూర్చునేవాళ్ళు. ఫొటో స్టూడియోలో కూర్చున్నట్టు నడుము నిటారుగా పెట్టి, ముఖం ఒకే తీరున ఉంచి, రెండు గంటలు. దగ్గు వస్తే బిగబట్టుకునేవాళ్ళు. పిల్లలు ఐదు నిమిషాలకే పారిపోయేవాళ్ళు. మగవాళ్ళు పది రోజులకు రావడం తగ్గించారు. కనకవ్వ ఒక్కరోజూ మానలేదు. ఆమెకు షుగరు, కాళ్ళు వాచేవి. అయినా ఓదెలు చేతి మీద చేయి వేసి, రెప్ప కూడా ఆపి ఆపి వాల్చేది. ఒంటిగంటకు లేచేటప్పుడు మోకాళ్ళు పట్టేసి గోడ పట్టుకుని నిలబడేది. ఆమె రెండు గంటలు ఆయనకు మూడు నిమిషాలు. అది నేను ఆమెకు చెప్పలేదు. ఆమె ఎక్కడో లెక్కవేసుకునే ఉంటుంది.

నాలుగు నెలలు గడిచాక ఒకరోజు ఆమె లేచి నిలబడుతూ నన్ను పిలిచింది.

"సిస్టరమ్మా, ఒకటి అడుగుత, కోపానికి రావద్దు. అవుతలి ఆడోళ్ళ వార్డు మంచాలు ఖాళీ అయితనే ఉన్నయ్. మనోళ్ళు ఒక్కలు గూడ కదుల్తలేరేంది?"

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"ఎవలు జెప్పుడేంది. రెండు గంటలు మెదలకుంట కూసుంటే ఎదురుంగ దర్వాజల నుంచి పోయేటోళ్ళు కనవడరా? పదకొండు మందిని బండి మీద వెట్టి తోలుకపోయిన్రు. సేవానిలయం బండే. నేను లెక్కవెట్టిన."

మాలాగే సేవానిలయం కోసం ఎదురుచూసే ఆడవాళ్ళ వార్డుకు టోపీలు ఇంకా రాలేదు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని జాబితా తెరిచాను. ఎనభై ఏడు పేర్లున్నాయి. చివరి పద్నాలుగూ మావే. పేర్ల పక్కన మా చేతులతో మేం వేసిన సున్నాలు వరసగా ఉన్నాయి. నాలుగు నెలల్లో ఒక్కొక్కరికి మూడు వందల అరవై సున్నాలు. వాళ్ళ వెనక చేరినవాళ్ళు, నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళు, అరిచినవాళ్ళు, అందరూ పైకి వెళ్ళిపోయారు. ఆ పద్ధతికి చప్పట్లు కొట్టిందీ నేనే, సూత్రం చెప్పిందీ నేనే, ఒప్పించి టోపీ పెట్టించిందీ నేనే. ఇక ఎవరి మీద అరవాలి?

అరవడానికి హైమ దొరికింది.

"వాళ్ళకు బాధ లేదు కదా సిస్టర్," అంది ఆమె నిదానంగా. "బాధ ఉన్నవాళ్ళు ముందు వెళ్తే తప్పేముంది? ఓదెలుగారికి టోపీ పెట్టి నూట ఇరవై రోజులైనా ఆయన గడిపింది మూడు రోజులే."

"ఆయనకు మూడు రోజులు. ఆయన చేతులకు?"

హైమ వేళ్ళు ముడుస్తూ లెక్క వేసింది. నూట ఇరవైకి మునుపటి ముప్పై ఒకటి కలిపి, ఆరు నెలల్లోంచి తీసేస్తే ఎంత మిగులుతుందో ఆమెకూ తెలుసు. "నేను గడియారం గురించే ఆలోచించాను," అంది చివరికి.

ముందు దొంగ సంఖ్య వేద్దామనుకున్నాను. టోపీ ఉన్న మనిషి జవాబు చెప్పలేడని, తొమ్మిది వేస్తే కంప్యూటర్ తీసుకోలేదు. ఇక ఒకటే దారి మిగిలింది, టోపీ తీసేయడం. పద్నాలుగు కుటుంబాలనూ అడిగాను. తొమ్మిది కుటుంబాలు తీయొద్దన్నాయి, నాలుగు ఆలోచించుకుంటామన్నాయి. ఆరో నంబరు మంచం పెద్దాయన కొడుకైతే, "మా నాయిన హాయిగ ఉన్నడు, ఉండనియ్యిండ్రి మేడమ్," అని దండం పెట్టాడు. కనకవ్వ మాత్రం క్షణం ఆలోచించలేదు.

హైమ తన చేతులతోనే ఓదెలు టోపీ తీసింది. ఆయన కళ్ళు మెల్లగా మా మీదికి తిరిగాయి.

"నొస్తుంది," అన్నాడు.

"ఇప్పుడేనా?"

"ఇప్పుడేంది సిస్టర్. పెట్టినకాడికెల్లి అదే చెప్తున్న. నోట్లె మాట తయారయ్యేలోపే మీరు మాయమైతున్నరు. రొట్టె లెక్క ఇటు తిప్పుతున్నరు, అటు తిప్పుతున్నరు, పోతున్నరు. ఒక్కలు గూడ ఆగరేంది?"

టోపీ నొప్పిని తీసేయలేదు. చెప్పుకునే వ్యవధిని తీసేసింది. మేం ఆగిన అరనిమిషం ఆయనకు రెప్పపాటు కూడా కాదు. ఆ ముఖంలో ప్రశాంతత అనుకున్నది మాట కోసం పెనుగులాట అయి ఉంటుంది.

ఓదెలు భార్య వైపు చూశాడు. "నువ్వు గింత చిక్కినవేందే? మొన్ననే గద మంచిగుంటివి."

"మొన్న గాదయ్యా, నాలుగు నెల్లయింది," అంది కనకవ్వ. ఏడవలేదు. ఆయన ముఖం ముందు చేతులు ఆడిస్తూ, తల తిప్పుతూ, ఇష్టమొచ్చినట్టు కదులుతూ మాట్లాడింది. అన్ని నెలల తర్వాత ఆమె కదలడం చూసి నాకే ఏడుపు వచ్చింది.

తర్వాత రోజులు నేను మర్చిపోదామన్నా మర్చిపోలేను. మంట అలాగే ఉంది, పైగా ఇప్పుడు రోజులు రోజుల్లాగే నడుస్తున్నాయి. ఏడు, ఎనిమిది, ఎనిమిది. నేనే స్వయంగా వేశాను, ఆయన నోరు తెరిచేదాకా నిలబడి. ఐదో రోజు ఆయన టోపీ అడిగాడు.

"ఇంకో వారం ఓర్సుకో ఓదెలన్నా. పేరు మీదికి వస్తున్నది. ముప్పయ్యోదానికి వచ్చింది."

"నన్ను మాడవెట్టి మార్కులు సంపాదిస్తున్నవా సిస్టర్?"

ఆయన కోపంగా కూడా అనలేదు. నేను స్టోర్ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని చాలాసేపు నిలబడ్డాను. నర్సు చదువులో మాకు నేర్పింది బాధ తగ్గించడం. ఇప్పుడు నేను ఒక మనిషి బాధను పంటలా కాపాడుకుంటున్నాను. కాని మధ్యలో ఆపితే ఈ ఐదు రోజుల బాధా వృథా అవుతుంది. ఆపలేదు. ఇది తప్పో ఒప్పో ఇప్పటికీ నాకు తెలియదు.

పద్దెనిమిదో రోజు పొద్దున ఆర్డరు వచ్చింది. ఓదెలు పేరు, సేవానిలయం, మూడో విభాగం, ఎల్లుండి బండి. ఆరు నెలలకు ఇంకా పదకొండు రోజులు ఉన్నాయి. ఫోన్‌లో చెప్పగానే కనకవ్వ బెల్లం పరమాన్నం వండి తెచ్చి వార్డంతా పంచింది. ఓదెలు నోట్లో చెంచాతో పెడుతూ, "ఇగ కొన్ని దినాలైతే నువ్వే తినాలె, నేను పెట్ట," అని దబాయించింది. ఆయన నవ్వాడు. మా దగ్గర చేరాక ఆయన నవ్వడం నేను అదే మొదటిసారి చూడడం.

సంతకం పెట్టేముందు రెండో పేజీ తిప్పాను. అలవాటుగా తిప్పానంతే.

సేవానిలయంలో చేరే ప్రతి ఒక్కరూ ఇకనుంచి టోపీ ధరించాలి. టోపీ ఉన్నవాళ్ళకు సాధన కుదరదు కాబట్టి చేతుల సాధన విభాగం ఎత్తివేశారు. చూడవచ్చేవాళ్ళకు నెలకొక రోజు. వెయిటింగ్ వార్డులో నాలుగు నెలలపాటు నమోదైన బాధ లేని ఫలితాల ఆధారంగా ఈ నిర్ణయం తీసుకున్నట్టు కింద రాసి ఉంది. ఏ వార్డు ఫలితాలో, ఎవరి సున్నాలో, ఆసుపత్రి పేరుతో సహా ఉంది.

హైమకు ఫోన్ చేశాను. ఆమె మెట్లు దిగి పరుగున వచ్చి, చదివి, ఆ కాగితం తిరిగి నా చేతిలో పెట్టింది. "నేను ఎదురుచూసేవాళ్ళ కోసం చేశాను సిస్టర్. బతికేవాళ్ళ కోసం కాదు," అంది. పోయి వాళ్ళతో మాట్లాడతానంది. మాట్లాడింది కూడా. సేవానిలయం వాళ్ళు ఆమెకు కృతజ్ఞతలు చెప్పి పంపించారు.

మర్నాడు ఆ మాట ఓదెలు, కనకవ్వలకు నేనే చెప్పాలి. చెప్పాను. ఏదీ దాచలేదు. చేతుల సంగతి చెప్పినప్పుడు ఓదెలు కళ్ళు మూసుకున్నాడు. నెలకొకసారి సంగతి కనకవ్వకు వెంటనే ఎక్కలేదు.

"నెలకోపారా? మరి ఆయన నా కోసం సూసుకుంట ఉండడా అన్ని దినాలు?"

"ఆయనకు అన్ని దినాలు అనిపియ్యదు కనకవ్వా. ముప్పై దినాలంటే ఆయనకు పద్దెనిమిది గంటలే. ఆయనకు నువ్వు దినాం వచ్చినట్టే ఉంటది." ఓదార్పు అనుకుని అన్నాను. నోటి అలవాటు.

ఆమె నా ముఖంలోకి సూటిగా చూసింది.

"మరి నాకు?"

ఇరవై రెండేళ్ళలో ఇన్ని చార్టులు నింపాను, ఎందులోనూ ఆమెను అడిగే గడి లేదు.

ఓదెలు కళ్ళు తెరిచాడు. "సిస్టర్, నేను పోనని రాయి."

"ఓదెలన్నా, జర ఆలోచించు. పోకుంటే పేరు మళ్ళ అడుక్కు పోతది. ఇంకో పడక ఎప్పుడస్తదో తెల్వది. మంట గిట్లనే ఉంటది. చేతులు ఇక్కడున్నా రావు, ఆడికి పోయినా రావు."

"రావని నువ్వు జెప్తివి గద. ఇన్న."

"నా కోసమని అనకు," అంది కనకవ్వ.

"నీ కోసమే అంటున్న. ఇన్నేండ్లల్ల నీ కోసం ఏం జేసిన నేను?" అని ఆయన అటు తల తిప్పుకున్నాడు. ఆయన తిప్పగలిగింది తల ఒక్కటే.

కంప్యూటర్ తిరస్కరణకు కారణం అడిగింది. ఎంచుకోవడానికి మూడే ఉన్నాయి. మరణం, వేరే ఆసుపత్రి, కోలుకోవడం. ఏదీ కాదు. ఇతరములు అన్న చోట, "ఆయన భార్య రోజూ వస్తుంది" అని కొట్టాను. అరగంటలో జాబితా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది.

"మేడమ్, ఇది కారణం కిందికి రాదు," అన్నాడు గుమాస్తా.

"రాదని నాకూ తెలుసు. అదే ఉంచండి."

అయితే పడక మీ ఆరో నంబరుకు ఇచ్చేస్తున్నాం, ప్రత్యేకం కింద, టోపీ అలవాటైన మనిషి కదా అన్నాడు. ఆరో నంబరు కొడుకు స్వీటు డబ్బాతో వచ్చి నాకు దండం పెట్టాడు. "మా నాయినకేం తెల్వది గద మేడమ్?" అని అడిగాడు. తెలుస్తుందని చెప్పాను. ఓదెలు చెప్పిందంతా చెప్పాను. అతను విన్నాడు, నేల చూశాడు, సంతకం పెట్టాడు. అతనికి ఇద్దరు పిల్లలు, ఒక గది ఇల్లు. నేనతన్ని తిట్టలేకపోయాను.

ఆ సాయంత్రం ఓదెలుకు మంట తొమ్మిదికి చేరింది. ఆ సంఖ్య ఇక ఆయనను ఎక్కడికీ తీసుకుపోదని తెలిసే చార్టులో వేశాను. కనకవ్వ ఆయన భుజాలు ఒత్తుతూ, పక్కింటివాళ్ళ మీద ఏదో చాడీ చెప్తోంది. ఆయన మూలుగుతూనే మధ్య మధ్యలో ఊ కొడుతున్నాడు, ఒకచోట కాదని వాదించాడు కూడా. ఆరు గంటల బస్సు వెళ్ళిపోతుందని నేను రెండుసార్లు గుర్తు చేశాను. ఆమె లేవలేదు.